తొమ్మిదో నంబరు నమూనా

ఫిబ్రవరి 3

అక్కా,

కవరు మీద నా రాత చూసి కంగారుపడకు, అందరం బతికే ఉన్నాం. ఫోన్లో అయితే మూడో నిమిషానికి నువ్వు పాఠం మొదలుపెడతావు, నాలుగో నిమిషానికి నేను పెట్టేస్తాను. ఇది నాలుగు నిమిషాల్లో తేలే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను. కాగితం మీద నువ్వు నాకు అడ్డుపడలేవు కదా.

నాకు నెలసరి తప్పి ఇది నాలుగో నెల. మొదటి నెల ఆయనకి చెప్పలేదు. రెండో నెల చెప్పాను. మూడేళ్లుగా ఎదురుచూస్తున్నామని నీకు తెలుసు. ఆ సాయంత్రం ఎక్కడో పాత ఆఫీసులో ఇరుక్కున్న లిఫ్టు బాగుచేసి వచ్చారు. నేను చెప్పగానే చేతులు కూడా కడుక్కోకుండా గోడ మీద కొత్త క్యాలెండరు దగ్గరికెళ్లి వేలితో లెక్కపెట్టారు. ఇప్పటికీ ఆగస్టు నెల మీద గ్రీజు మరక ఉంది. తర్వాత ఇంట్లోనే పరీక్ష చేసుకుంటే ఒక్క గీతే వచ్చింది. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ ఒక్కటే.

డాక్టరమ్మ రక్తం తీయించింది. రిపోర్టు వచ్చేసరికి ఆవిడ సెలవులో ఉంది. కాగితం నా దగ్గరే ఉంది కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. థైరాయిడ్ మామూలు. ప్రొలాక్టిన్ మామూలు. ఈస్ట్రోజన్ 12, పక్కన కిందికి బాణం. ఎఫ్ఎస్‌హెచ్ 68, పక్కన పైకి బాణం.

"చూశావా, అన్నిటికన్నా దీనికే ఎక్కువ మార్కులొచ్చాయి" అన్నారు ఆయన. నేనూ నవ్వాను. నవ్వాక భయం వేసింది. కళ్లద్దాల షాపులో పని చేసేదాన్ని, మా దగ్గర నంబరు పెరిగిందంటే చూపు తగ్గినట్టే.

ఇరవై ఏళ్లుగా ఆడవాళ్ల హార్మోన్లు కొలవడమే నీ పని. చెల్లెలి కాగితం ఒక్కటి చదివిపెట్టు. నాకు ముప్పై ఏడు. టైముందా, లేదా? అదొక్కటి చెప్పు చాలు.

నీ చిట్టి

*

ఫిబ్రవరి 15

చిట్టీ,

నీ ఉత్తరం అందిన రోజే జవాబు మొదలుపెట్టాను. ఇది నాలుగో కాగితం. మొదటి మూడూ చింపేశాను. వారంగా ల్యాబులో పెద్ద ఫ్రీజరు మొరాయిస్తోంది. అందులో ఉన్న గొట్టాలన్నీ పక్క విభాగం వాళ్లని బతిమాలి వాళ్ల ఫ్రీజర్లలో సర్దాల్సి వచ్చింది. నడుం వంగిపోయింది. ఇది సాకు కాదు. కాస్త సాకే అనుకో.

నువ్వు పాఠం వద్దంటావు గానీ, కొంచెం చెప్పకపోతే ఆ అంకెలు నీకు అర్థం కావు. అండాశయంలో ప్రతి అండం చుట్టూ చిన్న సంచి ఉంటుంది. ఆ సంచికి రెండు వరసల కణాలు. బయటి వరస రక్తంలోంచి కొలెస్ట్రాల్ తీసుకుని మగ హార్మోన్ తయారుచేస్తుంది. అవునే, మగదే. లోపలి వరస ఒక ఎంజైముతో దాన్ని ఈస్ట్రోజన్‌గా మారుస్తుంది. బయటివాళ్లకి ఆ ఎంజైము లేదు, లోపలివాళ్లకి ముడిసరుకు లేదు. ఒకరు తరిగితే ఒకరు వండినట్టు, ఒకరు లేకపోతే ఇంకొకరి పొయ్యి వెలగదు.

ఈ వంట ఎంత చేయాలో చెప్పేది మెదడు కింద బఠాణీ గింజంత ఉండే పిట్యూటరీ. ఎఫ్ఎస్‌హెచ్ దాని పిలుపు. సంచులు పని చేస్తుంటే అవి చేసిన ఈస్ట్రోజన్ రక్తంలో పైదాకా వెళ్లి 'అందింది, ఇక చాలు' అని చెబుతుంది, పిలుపు తగ్గుతుంది. కింది నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే పిలుపు పెరుగుతుంది. అరవై ఎనిమిదంటే చాలా గట్టిగా పిలుస్తున్నట్టు.

కానీ ఒక్క అంకెని నమ్మకూడదు. రక్తం ఏ రోజు తీశారు, ఎంతసేపు బయట ఉంచారు, ఎన్ని ఉంటాయి. నెల తేడాతో మళ్లీ చేయించాలి. బహుశా కొంత తగ్గవచ్చు. బహుశా నువ్వు అలసిపోయి ఉండవచ్చు. మా దగ్గర ఇంతకన్నా విచిత్రమైన అంకెలు వచ్చి, రెండోసారికి మామూలైపోయినవి ఉన్నాయి.

అమ్మ బాగానే ఉంది. నా ఇంట్లోనే ఉంటూ నాతో కన్నా రేడియోతో ఎక్కువ మాట్లాడుతుంది. ఈ సంగతి తనకి చెప్పలేదు.

నువ్వు అడిగిన ఒక్క ప్రశ్నకీ జవాబు రాయలేదని నాకు తెలుసు. మరిదికి చెప్పు, వాటిని మార్కులు అనొద్దని.

అక్క

*

మార్చి 4

అక్కా,

నీ ఉత్తరంలో 'బహుశా'లు లెక్కపెట్టారు ఆయన. రెండే ఉన్నాయి గానీ మొత్తం ఉత్తరమే ఒక బహుశా అని తేల్చారు.

మళ్లీ చేయించాను. 74. ఇంకో కొత్త పరీక్ష కూడా చేశారు, అండాలు ఎన్ని మిగిలాయో చెప్పేదట. దానికి అంకె రాలేదు. 'కొలవడానికి అందలేదు' అని రాశారు. స్కాన్ చేసినావిడ తెర నా వైపు తిప్పి, 'ఇది ఎడమది, ఇది కుడిది, చిన్నగా ఉన్నాయి, సంచులేవీ కనబడటం లేదు' అంది. ఖాళీ గది అద్దెకి చూపించినట్టు చూపించింది పాపం. తప్పు ఆవిడది కాదు.

డాక్టరమ్మ మంచిది. తిన్నగా చెప్పింది. నలభై లోపే అండాశయాలు పని మానేశాయి, నూటికి ఒకరికి ఇలా అవుతుంది, నువ్వేమీ చేసినందువల్ల కాదు అంది. దానంతట అదే నిలిచే అవకాశం నూటికి అయిదు. మందులతో అండాలు పుట్టించలేరట. ఆ తర్వాత ఒక మాట అంది. 'ఒక అయిదారేళ్ల కిందట వచ్చుంటే ఏదైనా చేసి చూసేవాళ్లం. అప్పుడు తెలిసే దారి లేదులే' అంది.

నేనన్నాను, 'దారి ఉందండీ, మా అక్క నాకు అప్పుడే పరీక్ష చేసింది' అని.

నీకు గుర్తుందా? ముప్పై ఒకటో ఏట నీ దగ్గర వారం రోజులున్నాను. 'ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్ల రక్తం కావాలే, మా ఆఫీసులో అందరివీ తీసేశాను, ఇక ఎవరూ మిగల్లేదు' అని నన్ను ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టి రెండు గొట్టాల నిండా తీశావు. కళ్లు తిరిగితే బిస్కట్లు పెట్టావు, అవి కూడా మెత్తబడినవి. అదే వారం నిన్ను అడిగాను, పిల్లల్ని కనాలా, ముందు అద్దాల కోర్సు రెండేళ్లు చదవాలా అని. 'కోర్సు చేసుకో, నీకింకా బోలెడు టైముంది' అన్నావు. హార్మోన్లు కొలిచే అక్క చెప్పిందని నేను ఆయనకి గర్వంగా చెప్పాను.

డాక్టరమ్మ ఆ పాత నంబరు కావాలంటోంది. అప్పుడు బాగుండి ఇప్పుడు ఇలా అయిందంటే మధ్యలో ఏం జరిగిందో చూడొచ్చట. జ్వరమో, మందో, ఒంట్లో శత్రువు ఏదైనా పుట్టిందో. వెతికి పంపించు. నాకు ఇప్పుడు ఆ ఒక్క మంచి అంకే దిక్కు.

చిట్టి

*

మార్చి 16

చిట్టీ,

నీ ఉత్తరం చదివాక చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. ఏం రాస్తే ఓదార్పు అవుతుందో తెలియడం లేదు. నేను ఓదార్చడంలో ఎప్పుడూ మొద్దునే.

పాత నంబరు సంగతి. అది నీ ఆరోగ్యం కోసం చేసిన పరీక్ష కాదు. ఒక పరిశోధనకి పోల్చి చూసుకోవడానికి తీసుకున్న రక్తం. అలాంటి గొట్టాల మీద పేర్లుండవు, అంకెలే ఉంటాయి. ఏ అంకె ఎవరిదో రాసిన పట్టీ వేరుగా బీరువాలో పెట్టి తాళం వేస్తాం. ఎవరిది ఏదని అడక్కూడదు, అది మా పద్ధతి. అప్పటి పుస్తకాలన్నీ కింది అంతస్తులో స్టోరు గదిలో అట్టపెట్టెల్లో ఉన్నాయి. తాళం చెవి ఉన్న ఆవిడ రిటైరైంది. కొత్తాయనకి ఏ చెవి ఏ తలుపుదో తెలియదు. చూస్తాను. కొంచెం ఆలస్యమవుతుంది.

నువ్వు మాత్రం ఆ పరీక్ష బాగుందని డాక్టరమ్మకి చెప్పొద్దు. తెలియనిది చెప్పడం మంచిది కాదు.

ఈ మధ్యలో ఎముకల పరీక్ష చేయించుకో. ఈస్ట్రోజన్ పిల్లల కోసమే కాదు, ఎముకలకీ గుండెకీ కూడా కావాలి. ఇది నిజంగా ముఖ్యం.

అక్క

*

మార్చి 27

అక్కా,

తాళం చెవి కథ బాగుంది. మా షాపులో కూడా అద్దాలు ఆలస్యమైతే ఇలాంటివే చెబుతాం.

నీ ఉత్తరం ఆయన చేతికిచ్చాను. చదివి, 'మీ అక్క దేనికో భయపడుతోంది' అన్నారు. నేనూ ఆలోచించాను. నాకు తట్టింది. డాక్టరమ్మ, వేరేవాళ్ల అండం తీసుకుని ప్రయత్నించే పద్ధతి ఉందని చెప్పింది. అక్కాచెల్లెళ్లు ఇవ్వడం కూడా ఉందట. అది నీకు తెలియకుండా ఉంటుందా! నేను అడుగుతానని ముందే తలుపు వేసుకుంటున్నావు కదూ?

ఒసే అక్కా, నలభై అయిదేళ్ల నీ అండాలు నాకెందుకే! ఉన్నవి నువ్వే దాచుకో. చచ్చినా నేను అడగను. నేను అడిగింది ఒక అంకె. నా ఒంట్లోంచి తీసిన రక్తం, నాకు చెందిన అంకె. దానికి పద్ధతులు చెబుతున్నావు.

ఒళ్లంతా ఉన్నట్టుండి భగ్గుమంటుంది. షాపులో కస్టమరు కళ్లలోకి లైటు వేసి చూస్తుండగా చెమటలు కారిపోతాయి. 'మీకు ఒంట్లో బాగా లేదామ్మా?' అని అరవై ఏళ్లావిడ నన్ను అడుగుతుంది. 'మాకు ఈ వయసులో వచ్చేది' అని కూడా అంటుంది.

అమ్మకి చెప్పలేదన్నావు. ఎందుకు చెప్పలేదు? ఇంట్లో ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పరా?

ఎముకల పరీక్ష చేయించాను. నువ్వు చెప్పావని కాదు, డాక్టరమ్మ చెప్పింది.

నీ చెల్లెలు

*

ఏప్రిల్ 7

చిట్టీ,

పుస్తకం దొరికింది. నిజం చెప్పాలంటే అది పోలేదు. స్టోరు గదిలో అది లేనే లేదు, నా బల్ల సొరుగులోనే ఉంది. నీ ఉత్తరం వచ్చిన రోజే తెరిచాను. తాళం చెవి కథ అబద్ధం. మూడు వారాలు నీకు చెప్పే ధైర్యం లేక దాచుకున్నాను. నువ్వన్న అండం ఇచ్చే సంగతి నా తలలోకే రాలేదు. అడిగుంటే బాగుండేది, అదైతే ఇవ్వలేనని తేలిగ్గా చెప్పేదాన్ని.

ఇప్పుడు వరసగా రాస్తాను. అడ్డుపడకు అని నేను అనాల్సిన పని లేదు.

ఆ పరిశోధనలో రెండు గుంపులు. ఒకటి, నెలసరి సరిగ్గా రాని ఆడవాళ్లు. రెండోది, పోల్చడానికి మామూలు ఆడవాళ్లు పన్నెండు మంది. మామూలు అంటే ఏమిటో ముందే రాసుకున్నాం: ముప్పై అయిదు లోపు వయసు, నెలనెలా సక్రమంగా రావడం, మందులేవీ వాడకపోవడం. నీకు మూడూ ఉన్నాయి. నువ్వు తొమ్మిదో నంబరువి.

పదకొండు మందికి ఎఫ్ఎస్‌హెచ్ అయిదుకీ తొమ్మిదికీ మధ్య వచ్చింది. తొమ్మిదో నంబరుకి 19.

ఆ రోజు మధ్యాహ్నం నాకు బాగా గుర్తు. నమూనా చెడిపోయిందనుకున్నాను. నిన్ను బస్సెక్కించడానికి వెళ్లి, గొట్టాలు బల్ల మీద వదిలేశాను కదా, ఎండ తగిలిందేమో అనుకున్నాను. అందుకే రెండు గొట్టాల్లో రెండోది తీసి మళ్లీ చేశాను. 21 వచ్చింది.

చిట్టీ, రెండోసారీ అదే వస్తే నమూనా చెడలేదని మొదటి ఏడాది పిల్లలకి నేనే చెబుతాను. పైగా చెడిపోతే అంకె మామూలుగా తగ్గుతుంది, పెరగదు. ఇదీ నేనే చెబుతాను. అయినా ఎర్ర పెన్నుతో రెండు అంకెలనీ కొట్టేసి, పక్కన 'నమూనా చెడింది' అని రాశాను. పదకొండు మందితోనే శాస్త్ర పత్రికకి వ్యాసం రాశాం. అందరూ మెచ్చుకున్నారు. గ్రాఫు బొమ్మలో మనిషికో చుక్క పెడితే మామూలు ఆడవాళ్ల చుక్కలన్నీ అంత దగ్గరగా, అంత అందంగా వచ్చాయని.

అది నీదని నాకు తెలుసా? పట్టీ తాళంలో ఉంది, నేను చూడలేదు. ఇన్నాళ్లూ నాకు నేను ఆ మాటే చెప్పుకున్నాను. కానీ ఆ వారం రక్తం ఇచ్చింది నువ్వొక్కదానివే. మరి తెలుసు అనాలా? తెలుసుకోకుండా ఉండేలా చూసుకున్నాను అనాలా? నిన్ను మామూలు అని ముందే రాసేసుకున్నాను కాబట్టి నీ రక్తమే తప్పు చెప్పిందనుకున్నాను. దీన్ని ఎటు నుంచి చూసినా నాకు అడుగు దొరకడం లేదు. ఆ తర్వాత మూడు రోజులకే ఫోన్లో 'నా ఫీజు కట్టేశాను' అని నువ్వు సంతోషంగా చెబితే, 'మంచి పని చేశావు' అన్నాను.

అప్పుడే చెప్పుంటే ఏమయ్యేది? వెంటనే ప్రయత్నించి ఉండేవాళ్లు, అండాలు తీసి దాచి ఉండేవాళ్లు, అయి ఉండేది, కాకపోయి ఉండేది. నాకు తెలియదు.

నిన్న అమ్మని అడిగాను, నీకు ఎప్పుడు ఆగిపోయింది అని. 'ముప్పై తొమ్మిదికి' అంది. చేతిలో పని ఆపకుండా. 'ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదమ్మా?' అంటే, 'ఎవరడిగారు? మీ నాన్నకి చెబితే ఖర్చు తప్పిందన్నాడు. నువ్వు ఊళ్లో ఆడవాళ్లందర్నీ అడుగుతావు గదా, నన్ను అడిగావా?' అంది. దీపం కింద చీకటి అంటే ఏమిటో ఇంతకన్నా ఎవరు చెప్పగలరు.

ఇలాంటివి ఇంట్లో నడుస్తాయి. డాక్టరమ్మకి అమ్మకి ఆగిన వయసు చెప్పు, పనికొస్తుంది. 19, 21 అని కూడా చెప్పు.

ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను. నువ్వు నన్ను ఏమన్నా ఫరవాలేదు.

అక్క

*

ఏప్రిల్ 21

అక్కా,

నీ ఉత్తరం మధ్యాహ్నం భోజనం వేళ షాపులో చదివాను. చదివి జేబులో పెట్టుకుని పనిలోకి దిగాను. కుడి కంటి అద్దం ఫ్రేములో ఎడమ వైపుకి కోసేశాను. ఉద్యోగంలో చేరాక ఇలా జరగడం ఇదే మొదటిసారి. ఆ కస్టమరుకి ఫోన్ చేసి, 'తప్పు నాది, రెండు రోజులు ఆగండి, కొత్తది చేసిస్తాను' అన్నాను. ఆయన అరిచాడు. అరిచి ఊరుకున్నాడు. నాకు అరనిమిషం పట్టింది. నీకు ఆరేళ్లు పట్టింది.

ఆయనకి ఉత్తరం ఇవ్వలేదు, నోటితో చెప్పాను. 'వదిన అలా చేయదే' అన్నారు. మళ్లీ, 'అలాగే చేస్తుందిలే' అన్నారు. తర్వాత క్యాలెండరు తీసి చుట్టి బీరువా వెనక పెట్టారు.

ఉద్యోగం మానేస్తానని రాశావు. నువ్వు మానేస్తే నా అండాలు తిరిగొస్తాయా? ఏడవడానికి నీకు తీరిక దొరుకుతుంది, అంతే. పైగా నీ ఏడుపుకి అమ్మ రేడియో పోటీ వస్తుంది.

ఏమయ్యేదో తెలియదని రాశావు. అది నాకూ తెలియదు. కానీ ఆ తెలియకపోవడం నాది, అక్కా. గెలిచేదాన్నో ఓడేదాన్నో, ఆడాల్సింది నేను. ఆట ఉందని కూడా నాకు తెలియనివ్వలేదు నువ్వు. అమ్మని నాన్న అడగలేదు, నువ్వు అడగలేదు. నేనూ అడగలేదు, అది కూడా ఒప్పుకుంటున్నాను. కానీ నువ్వు నన్ను అడిగావు, నా రక్తాన్ని అడిగావు, అది రెండుసార్లు చెప్పింది. చెప్పినదాన్ని కొట్టేశావు.

నాకు అన్నిటికన్నా మింగుడుపడనిది ఏమిటో తెలుసా? ఆ పదకొండు అందమైన చుక్కలు. ఏ డాక్టరో వాటిని చూసి, నెలనెలా సరిగ్గా వస్తుంటే అంతా బాగున్నట్టే అనుకుంటుంది. నాకూ నెలనెలా సరిగ్గానే వచ్చేది. నొప్పి లేదు, జ్వరం లేదు. బస్సెక్కి పనికి వెళ్లేదాన్ని. మామూలు ఆడవాళ్లు పన్నెండు మందిలో ఒకరు లోపల ఇలా ఖాళీ అయిపోతూ ఉండొచ్చని నీ బొమ్మలో ఉంటే, ఇంకెవరి చెల్లెలికో ఎవరో ఒకరు ముందుగా చెప్పేవాళ్లేమో. ఏమో. నీ మాటే వచ్చేసింది నాకు.

క్షమాపణ వద్దు. నన్ను మళ్లీ ఆ లెక్కలో కలుపు. ఎవరితో చెప్పాలో వాళ్లతో చెప్పి, పత్రికలో రాయించి, పన్నెండు చుక్కలున్న బొమ్మ నాకు పంపించు. అది అయ్యేదాకా నాకు ఉత్తరం రాయకు. అమ్మకి ఏమైనా అయితే మాత్రం రాయి.

చెల్లెలు

*

మే 30

చిట్టీ,

రాయొద్దన్నావు. ఇది ఉత్తరం కాదు, సమాచారం అనుకో.

మా ప్రొఫెసరుగారితో మాట్లాడాను. ఆయనకి అరవై దాటాయి, ఇంకో ఏడాదిలో రిటైరవుతారు. నేను పుస్తకం తెరిచి ఎర్ర గీత చూపించాను.

"ఆరేళ్ల నాటి మాట ఇప్పుడెందుకమ్మా?" అన్నారు.

"నమూనా చెడలేదు సార్. రెండుసార్లు చేశాను."

"ఎవరిదది?"

పద్ధతి ప్రకారం ఆయన అడక్కూడదు, నేను చెప్పకూడదు.

"మా చెల్లెలిది" అన్నాను.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "పాపం. కానీ జబ్బున్న మనిషిని మామూలు గుంపులో ఎలా పెడతాం?"

"మామూలు అంటే ఏమిటో మనమే రాశాం సార్. మూడు షరతులు. తనకి మూడూ ఉన్నాయి. రాసుకున్నదానికి సరిపోయిన మనిషిని, అంకె నచ్చలేదని తీసేశాను."

"ఆ ఒక్కటి కలిపితే రెండు గుంపుల మధ్య తేడా నిలబడదు. తెలుసా?"

"లెక్కేశాను సార్. నిలబడదు."

ఆయన పుస్తకం మూసి, "నిజాయితీగా ఉండాలనుకుంటే అప్పుడే ఉండాల్సింది" అన్నారు. కోపంగా అనలేదు, అలసటగా అన్నారు. సవరణ కాగితం మీద ముందు నేను సంతకం పెట్టాను, రెండు రోజులు తన దగ్గర ఉంచుకుని ఆయనా పెట్టారు. వచ్చే ఏడాది మొదలయ్యే పరిశోధనలో నా పేరు తీసేశారు. ల్యాబులో వాళ్లు నేను గదిలోకి వస్తే మాటలు తగ్గిస్తున్నారు. ఇది నీ జాలి కోసం రాయడం లేదు. నువ్వు అడిగినది ఎక్కడిదాకా వచ్చిందో చెప్పాలి కాబట్టి రాశాను.

పత్రికవాళ్లకి పంపాం. వేయడానికి నెలలు పడుతుంది. ఉద్యోగం మానలేదు. పొద్దున్నే వెళ్లి కొలుస్తున్నాను. దూరంగా పడిన ప్రతి అంకె దగ్గరా ఇప్పుడు చెయ్యి ఆగిపోతుంది. పని నత్తనడక నడుస్తోంది. కొన్ని నిజంగానే చెడిపోయినవి ఉంటాయి. వాటినీ కొట్టేయలేకపోతున్నాను. ఇది మంచి శాస్త్రమో కాదో తెలియదు.

అమ్మకి ఏమీ కాలేదు. అంతా చెప్పాను. విని, రేడియో కట్టేసింది. ఆ రోజంతా మళ్లీ పెట్టలేదు.

అక్క

*

అక్టోబరు 11

అక్కా,

పత్రిక కాగితం అందింది. నువ్వు కవర్లో ఇంకేమీ పెట్టలేదు. మంచి పని చేశావు.

బొమ్మ ఎలా చదవాలో నాకు తెలియలేదు. ఆయన్ని పిలిచాను. ఇద్దరం వంటగది బల్ల మీద పరిచి చూశాం. కింద పదకొండు చుక్కలు గుంపుగా ఉన్నాయి. నన్ను పట్టేలా గీతల చట్రం పైకి పొడిగించినట్టున్నారు, పైన చాలా ఖాళీ ఉంది. ఆ ఖాళీలో నేను. ఆయన వేలు పెట్టి, 'ఇదేనా?' అన్నారు. 'ఇదే' అన్నాను. 'ఒక్కదానివే ఉన్నావే' అన్నారు. నవ్వాననుకున్నాను, నవ్వు కాదు అది. ఆయన బల్ల దగ్గరే నిలబడ్డారు, నేను ఆపుకునేదాకా.

డాక్టరమ్మకి చూపించాను. ఆవిడ కాపీ తీసుకుంది. మర్నాడు వాళ్ల నర్సు ఫోన్ చేసి, 'అమ్మకి తొందరగా ఆగిపోయిందా అని ఇకనుంచి వచ్చిన ప్రతి అమ్మాయినీ అడగమన్నారండీ' అని చెప్పింది. నాకెందుకు చెప్పిందో తెలియదు. తెలిసినందుకు బాగానే ఉంది, బాగాలేదు కూడా.

మాత్రలు మొదలుపెట్టాను. నా ఒళ్లు చేయని హార్మోన్ బయటి నుంచి వేయాలట, యాభై ఏళ్లు వచ్చేదాకా. ఒళ్లు మంటలు తగ్గాయి. ఎముకలు ఇప్పటికే కాస్త పలచబడ్డాయట, ఇక పలచబడకుండా ఆపొచ్చట. వేరేవాళ్ల అండం సంగతి ఆయన సరే అన్నారు, నేను ఇంకా అనలేదు. అంటానో లేదో కూడా చెప్పలేను. ఎవరూ తొందరపెట్టొద్దని చెప్పాను. నీతో సహా.

నిన్ను క్షమించానా అంటే, అడగకు. పొద్దున ఉన్నట్టు సాయంత్రం ఉండటం లేదు. సవరణలో నీ సంతకం చూసినప్పుడు ఒకలా ఉంది, సందులో తల్లులు పిల్లల్ని బడి నుంచి తీసుకొస్తుంటే ఇంకోలా ఉంది. నీ మీద కోపం రావడానికి కూడా ఓపిక ఉండాలి అక్కా. కొన్ని రోజులు అదీ ఉండటం లేదు.

అమ్మ నిన్న ఫోన్ చేసింది. మాత్రల పేరు అడిగి రాసుకుంది. తనకి ఈ మాత్రలు ఎవరైనా ముప్పై తొమ్మిదికి ఇచ్చుంటే నడుం ఇంత వంగేది కాదా అని అడిగింది. ఏమో అమ్మా అన్నాను. తర్వాత, అక్షరాలు అలుక్కుపోతున్నాయి, దారం ఎక్కించలేకపోతున్నాను అంది. నువ్వు గమనించలేదని తనేమీ అనలేదు, నేనే అనుకున్నాను. చూపు పరీక్ష నేను చేస్తాను, అద్దాలూ నేనే కోసిస్తాను. మనిషి ఎదురుగా లేకుండా అయ్యే పని కాదు.

వచ్చే నెల రెండో వారం పంపించు. మేం ఇల్లు మారాం, కొత్త అడ్రసు కవరు మీద ఉంది, స్టేషన్ నుంచి రెండు బస్సులు మారాలి. అమ్మ ఒక్కతే రాలేదు. ఎవరో ఒకరు తోడు రావాలి. నువ్వయినా సరే.

చిట్టి